పళ్ళెంలో పాత కర్దూన్

"పెళ్ళి లేదు, గిళ్ళి లేదు! ఆ పళ్ళాలన్నీ మళ్ళీ మూట కట్టండి. ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కడికే పోతాయి!"

మా అన్నయ్య సలాహ్ గొంతే అంత. మామూలుగా ఉప్పు అందించమన్నా పక్కింటివాళ్ళు ఉప్పు పట్టుకొస్తారు. ఇప్పుడు అరుస్తున్నాడు కాబట్టి లోయకి అవతలి గట్టున ఉన్న వియ్యాలవారికి కూడా వినిపించే ఉంటుంది.

నడవా మధ్య తివాచీ మీద, పెళ్ళికొడుకు ఇంటి నుంచి పొద్దున వచ్చిన పళ్ళాలు వరసగా ఉన్నాయి. గోరింట, కొవ్వొత్తులు, అత్తర్లు, బంగారు జరీ పనిచేసిన మఖ్మల్ గౌను, అక్రోటు మిఠాయి, అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. గొడవంతా ఆఖరి పళ్ళెంతో వచ్చింది. అది రేపటి హమ్మామ్‌కి, అంటే పెళ్ళికూతురి స్నానానికి, కావలసిన సామాను. రాగి చెంబు, తువ్వాళ్ళు, తలకి రుద్దుకునే ఘసూల్ మట్టి పొట్లం. ఆ పొట్లం కింద, నీటుగా చుట్టి పెట్టిన ఒక కర్దూన్.

మా కసంతీనా ఊళ్ళో కర్దూన్ తెలియని ఆడది లేదు. తడిజుట్టుని వెనక్కి లాగి కట్టి, ఆ పొడుగాటి పట్టీని మొదలు నుంచి కొస దాకా బిగించి చుట్టుకుని పడుకుంటాం. పొద్దున విప్పితే ఎంత ఉంగరాల జుట్టయినా కర్రలా దిగుతుంది. తలనొప్పి ఉచితం.

పోనీ వచ్చింది కొత్తదా అంటే, అదీ కాదు. రంగు వెలిసిపోయింది. ఆలివ్ నూనె వాసన. మడతలో ఒక తెల్ల వెంట్రుక కూడా చిక్కుకుని ఉంది.

"ఎవరో వాడి పారేసిన పట్టీ నా కూతురికి కానుకా?" అంది మా హసీబా వదిన, గుండెల మీద చెయ్యి వేసుకుని. "నిశ్చితార్థం నాడే అనుకున్నాను. ఆ బహీజా పెళ్ళికూతురి మొహం చూడలేదు, నగలు చూడలేదు. కూర్చున్నంతసేపూ దాని జుట్టే చూసింది. ఇదీ ఆవిడ జవాబు!"

ఆ మాట నిజం. ఆ రోజు మా షహినాజ్ ఉంగరాల జుట్టుని ఉన్నదున్నట్టు వదిలేసి వచ్చి కూర్చుంది. ఏడాది పైగా అది కర్దూన్ ముట్టలేదు, వేడి ఇస్త్రీ ముట్టలేదు, షాంపూ సీసాలన్నీ నాకు ధారపోసింది. మట్టితో కడుగుతుంది, పన్నీటితో తడుపుతుంది, వేళ్ళతో చిక్కు తీసుకుంటుంది. కాబోయే అత్తగారు బహీజా ఆ రోజు వెళ్తూ వెళ్తూ ఒక ఉంగరాన్ని వేలితో లాగి వదిలింది. అది స్ప్రింగులా మళ్ళీ పైకి ఎగిరింది. ఆవిడ ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

అందరం మా అమ్మ వైపు చూశాం.

మా అమ్మ యామ్నా, ఊరందరికీ గౌరవంగా లల్లా, ఈ ఇంట్లో కర్దూన్ పక్షానికి నాయకురాలు. మనవరాలి జుట్టుని గొర్రెబొచ్చు అంది, పిచ్చుకగూడు అంది, ఒకసారి చుట్టాల ముందు గిన్నెలు తోమే పీచు అని కూడా అంది. ఇప్పుడు మూల దివాను మీద కూర్చుని, కాఫీ తాగుతోంది. చూశారా నేను చెప్పలేదా అని ఇప్పుడే మొదలుపెడుతుందని నేను చెవులు గట్టిగా మూసుకోబోయాను.

ఆవిడ లేచింది. ఆ పాత పట్టీని రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని ఎత్తినట్టు ఎత్తింది.

"గొర్రెబొచ్చు అన్నాను" అంది. "అన్నానా?"

"అన్నావమ్మా" అన్నాను.

"అంటాను. ఇంకా అంటాను. అది నా మనవరాలు. నా కొడుకు కూతురు. దాని తల మీద నాకు హక్కుంది. మధ్యలో ఈ బహీజా ఎవరు అనడానికి?"

హసీబా వదిన నోరు తెరుచుకునే ఉండిపోయింది. ఏడాదిగా ఈ నడవాలో జరిగిన యుద్ధాలన్నీ చూసిన మనిషి కదా.

"అదే నేనూ అనేది!" అన్నాడు అన్నయ్య. "వ్యాన్ పిలుస్తా. పళ్ళాలు ఎక్కిస్తా."

"నాన్నా, ఆగు."

షహినాజ్ అప్పటిదాకా మెట్ల మీద కూర్చుని ఉంది. తలకి నూనె రాసుకుని, పాత గుడ్డ చుట్టుకుని ఉంది. శుక్రవారం దాని తలస్నానం రోజు, పెళ్ళొచ్చినా ప్రళయమొచ్చినా.

"పళ్ళాలు వెనక్కి వెళ్తే నస్రో వెనక్కి వెళ్ళినట్టే. నాకు అతను కావాలి. నా జుట్టు కూడా నాకు కావాలి. ఈ రెంట్లో ఒకటే తీసుకోమని ఆవిడ చెప్తే, ఆ మాట ఆవిడ నోటితో నా మొహాన చెప్పాలి. అప్పుడు పళ్ళాలు నేనే నెత్తిన పెట్టుకుని ఇచ్చొస్తా."

గట్టిగానే మొదలుపెట్టింది. 'నెత్తిన' దగ్గరికి వచ్చేసరికి తలగుడ్డ కొసతో మొహం కప్పేసుకుంది. వాళ్ళమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అన్నయ్య గోడకి తగిలించిన గడియారాన్ని కోపంగా చూశాడు, తప్పంతా దానిదే అయినట్టు.

"సరే, అడగడానికే వెళ్దాం" అంది అమ్మ. "నేనూ వస్తా. కానీ ముందు తల కడగాలి."

"ఎవరి తల?" అన్నాను.

"దీని తలే! నూనె జిడ్డుతో వియ్యపురాలి గుమ్మం ఎక్కుతుందా? అసలు ఆ జుట్టు ఎలా ఉంటుందో ఆవిడ నిండుగా చూడాలి. చూసి అప్పుడనమను. ఘనియా, నీళ్ళు కాచు. నేనే కడుగుతా."

షహినాజ్ భయంగా నా వైపు చూసింది. నానమ్మ తల రుద్దితే ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నా చిన్నప్పుడు రుద్దిన చోట ఇప్పటికీ మండుతున్నట్టే ఉంటుంది.

"మేమొచ్చేదాకా ఈ పళ్ళాలు కదలడానికి వీల్లేదు" అంది అమ్మ కొడుకుతో.

అన్నయ్య చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

* * *

స్నానాల గదిలో పీట మీద షహినాజ్, వెనకాల చేతులు పైకి మడిచి అమ్మ, గుమ్మంలో తమాషా చూస్తూ నేను. మట్టి గిన్నెలో పన్నీటితో నానిన ఘసూల్ మెత్తగా, వెన్నలా ఉంది.

"నీళ్ళు చల్లారిపోయాయి" అంది అమ్మ.

"గోరువెచ్చగానే ఉండాలి నానమ్మా. మరిగే నీళ్ళు పోస్తే జుట్టు ఎండిపోతుంది."

"మురికి ఎలా పోతుంది?"

"మట్టి తీసేస్తుంది. నువ్వు రుద్దక్కర్లేదు. వేళ్ళ కొసలతో మాడు మీద మెల్లగా."

"రుద్దకుండా ఏం చెయ్యమంటావు, బతిమాలాలా?"

"ఆ, బతిమాలు."

అమ్మ ముక్కు చిట్లించింది. అయినా వేళ్ళు మెల్లగానే కదిలాయి. మట్టి పట్టించి, కాసేపు ఉంచి, చెంబుతో నీళ్ళు పోసింది. దువ్వెన అందుకోబోతే షహినాజ్ చెయ్యి పట్టుకుంది.

"దువ్వెన వద్దు. తడి మీదే, వేళ్ళతో. కింద నుంచి పైకి. చిక్కు తగిలితే లాగకు, ఆగి విడదియ్యి."

"మా అమ్మ నన్ను పెంచిన దానికంటే నువ్వు నీ జుట్టుని గారాబంగా పెంచుతున్నావే!"

అంది గానీ, ఒక చిక్కు దగ్గర మా అమ్మ నిజంగానే ఆగింది. రోలూ రోకలీ తప్ప వేరే పనిముట్టు నచ్చని మనిషి, రెండు వేళ్ళతో పోగు పోగుగా విడదీస్తూ కూర్చుంది. పెదవి కొరుక్కుంటూ. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. అంత బాగుంది చూడటానికి.

తువ్వాలుతో రుద్దొద్దట. మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దాలట. అన్నయ్య బనీన్లు ఒక్కొక్కటే ఎందుకు మాయమవుతున్నాయో నాకు అప్పుడు తెలిసింది.

మిద్దె మీద, పన్నీరు కాయడానికి గులాబీ రేకులు పరిచిన దుప్పట్ల పక్కన దాన్ని ఎండలో కూర్చోబెట్టాం. హసీబా వదిన పైకి వచ్చి, ఆ తడి ఉంగరాల్లో చెయ్యి పెట్టబోయింది.

"ముట్టుకోకు!" అని కసిరింది అమ్మ. "ఆరేదాకా ముట్టుకోకూడదు. తెలియదా?"

మా వదిన నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

ఎండ పని చేసింది. ఒక్కో పాయ దానంతటది చుట్టుకుంటూ, బరువుగా, నల్లగా, అంచుల్లో కాస్త ఎర్రగా మెరుస్తూ భుజాల దాకా దిగింది. అమ్మ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది.

"ఇది ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అంది చివరికి.

"పుట్టినప్పట్నుంచీ."

"నేనెప్పుడూ సరిగ్గా చూడలేదే."

"నువ్వెప్పుడూ ఆరనివ్వలేదు నానమ్మా, తడి మీదే పట్టీ చుట్టేసేదానివి."

అమ్మ దాని చెంప మీద చెయ్యి పెట్టి, అక్కడే ఉంచేసింది. నాకు దుఃఖమూ సంతోషమూ రెండూ ఒకేసారి వచ్చాయి. అలాంటప్పుడు నేను చేసే పని ఒకటే, కిందికెళ్ళి కాఫీ పెట్టడం.

* * *

లోయ దాటే వంతెన మీద గాలి ఎక్కువగా ఉంది. అమ్మ నల్ల ములాయా ముసుగు కప్పుకుని ముందు నడుస్తోంది. చేతిలో ఆ కర్దూన్. వెనకాల షహినాజ్, దాని వెనకాల నేను. ఎదురొచ్చిన ఆడవాళ్ళు దాని జుట్టుకేసి తిరిగి చూస్తున్నారు. చూసిన ప్రతి మనిషినీ అమ్మ 'ఏం?' అన్నట్టు గుడ్లురిమి చూస్తోంది.

దారి పొడుగునా ప్రసంగం తయారు చేసుకుంది. "ముందు వంశం గురించి అడుగుతా. తర్వాత మర్యాద గురించి. తర్వాత పట్టీ మొహాన కొడతా."

"మొహాన కొట్టొద్దు నానమ్మా."

"సరే, కాళ్ళ దగ్గర పడేస్తా."

తలుపు తీసింది పెళ్ళికొడుకు నస్రో. షహినాజ్‌ని చూసి అతని మొహం వెలిగింది. మా అమ్మని చూసి ఆరిపోయింది.

"మీ అమ్మని పిలువు" అంది అమ్మ.

"అమ్మ బయటికి రాదండీ. మధ్యాహ్నం నుంచీ తలుపేసుకుని కూర్చుంది."

"తప్పు చేసినవాళ్ళు అలాగే కూర్చుంటారు."

"కత్తెర ఇమ్మంటోంది" అన్నాడు అతను, గొంతు తగ్గించి. "ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ దాచేశాను. చివరికి కోడి కోసే కత్తి అడిగింది. మీరైనా చెప్పండి లల్లా, నాకు భయంగా ఉంది."

అమ్మ ప్రసంగంలో దీనికి చోటు లేదు. అయినా ఆగలేదు. లోపలి నడవా దాటి స్నానాల గది తలుపు మీద చేత్తో బాదింది.

"బహీజా! నేను యామ్నాని. తలుపు తియ్యి!"

లోపల చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి గడియ కదిలింది.

"నన్ను చూడొద్దు" అంటూనే తలుపు తీసింది బహీజా.

ఆవిడ తల చూసి నేను గోడ పట్టుకున్నాను. నెరిసీ నెరవని జుట్టు, ఒక్క పోగు కూడా కిందికి దిగకుండా నాలుగు వైపులా లేచి నిలబడి ఉంది. అందులో ఒక దువ్వెన. దువ్వెన కూడా కాదు, సగం. మిగతా సగం విరిగి ఆవిడ చేతిలో ఉంది. ఒంటికి రుద్దుకునే నల్ల సబ్బు వాసన గదంతా కమ్మేసింది.

ఎన్ని చెప్పినా వియ్యపురాలు వియ్యపురాలే. అమ్మ నవ్వు బిగబట్టి కర్దూన్ ముందుకు చాపింది.

"ఇది నీదేనా?"

"నాదే."

"మా పిల్లకి ఎందుకు పంపావు?"

"నా దగ్గరుంటే మళ్ళీ చుట్టేసుకుంటానని."

మా ముగ్గురిలో ఎవరికీ అర్థం కాలేదు. బహీజా స్నానాల పీట మీద కూలబడింది.

"పెళ్ళయిన నాటి నుంచీ చుట్టుకుంటూనే ఉన్నాను. మా ఆయన పోయేదాకా నా అసలు జుట్టు ఆయనకే తెలియదు. నిశ్చితార్థం నాడు ఈ పిల్లని చూశాను. నా జుట్టే. అచ్చం నా జుట్టే! తల ఎత్తుకుని కూర్చుంది. ఆ వేళ నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇంక చాలు, విప్పేద్దామనుకున్నాను. బీరువాలో దాస్తే తీసుకుంటాను. పారేస్తే చెత్తబుట్టలోంచి ఏరుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. కోడలి ఇంట్లో ఉంటే అడగడానికి సిగ్గేస్తుంది కదా అని, పళ్ళెంలో పెట్టాను."

"ఒక ముక్క ఫోన్‌లో చెప్పకూడదా తల్లీ!" అన్నాను నేను.

"ఏమని చెప్పను? పెళ్ళి ముందర వియ్యపురాలు ఫోన్ చేసి తన జుట్టు గోల చెప్పుకుంటుందా? షహినాజ్‌కి చూడగానే తెలుస్తుందనుకున్నా." ముక్కు తుడుచుకుంది. "పళ్ళాలు గడప దాటగానే మనసు మారింది కూడా. వెనక్కి అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకున్నా. సిగ్గేసింది. సరే, తల కడుక్కుని చూద్దామనుకున్నా. రేపు అన్నాబా నుంచి ఆడపడుచులంతా దిగుతున్నారు. ఈ తలతో వాళ్ళకి ఎలా ఎదురెళ్ళను?"

అప్పుడు అమ్మ చేతిలో ఏముందో సరిగ్గా చూసి, ఒక్కసారిగా వెనక్కి జరిగింది.

"దాన్ని తిరిగి తెచ్చారా? ఇవ్వకండి! నాకు ఇవ్వకండి!"

"ఇవ్వను" అంది అమ్మ, పట్టీని ములాయాలో దోపేసుకుంటూ. ఇంక ఆపుకోలేకపోయింది. నవ్వింది. మా అమ్మ నవ్వితే ఒళ్ళంతా ఊగుతుంది, ఎదుటివాళ్ళు మూతి బిగించుకుని ఉండలేరు. ముందు షహినాజ్, తర్వాత నేను, ఆఖరికి విరిగిన దువ్వెన తలలో ఊగుతుండగా బహీజా కూడా నవ్వింది.

ఆ తర్వాత అందరం పనిలో పడ్డాం. నస్రోని పిలిచి ఆలివ్ నూనె, ఘసూల్, పన్నీరు తెమ్మంటే, అతను సంతోషంలో రెండు షాంపూ సీసాలు కూడా పట్టుకొచ్చాడు. అమ్మ అతన్ని ఆ సీసాలతో సహా తరిమేసింది. షహినాజ్ చేతుల నిండా నూనె పోసుకుని, దువ్వెన చుట్టూ పోగులు ఒక్కొక్కటే జారనిస్తూ మెల్లగా దాన్ని బయటికి తీసింది. నడవాలోకి పీట మార్చి, వీధి గుమ్మానికి తెర లాగి, వెలుతురులో మట్టి పట్టించడం మొదలుపెట్టారు.

"రుద్దకూడదు" అని బహీజాకి చెప్పింది అమ్మ, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నదానిలా. "నువ్వు రుద్దావు, అదీ నీ తప్పు. దీన్ని బతిమాలాలి. నల్ల సబ్బు ఒంటికి. తలకి కాదు."

"మీకు ఇవన్నీ ఎలా తెలుసు లల్లా?"

"మా ఇంట్లో అందరికీ తెలుసు."

షహినాజ్ వంగి నవ్వుకుంది. బహీజా కళ్ళు గట్టిగా మూసుకుని, తల మొత్తం మట్టితో, మొహం ఎత్తి కూర్చుంది. అమ్మ ఆవిడ తల రెండు చేతులతో పట్టుకుంటే, షహినాజ్ వేళ్ళు మాడు మీద మెల్లగా తిరుగుతున్నాయి.

"మా అమ్మ పోయాక నా తల ఇంకొకరి చేతుల్లో పెట్టడం ఇదే" అంది బహీజా. "నస్రో అదృష్టవంతుడు. రేపు ఆడపడుచులందరి ముందూ చెప్తాను, ఇది నా కోడలు కడిగిన తల అని."

షహినాజ్ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. దాని మొహం చూశాను. పొద్దుటి నుంచీ గుండెల మీద ఉన్న బండ దిగిపోయింది. అంత సంతోషం ఆ పిల్ల మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడే నా సంచిలో ఫోన్ మోగింది. హసీబా వదిన.

"ఘనియా, ఎక్కడున్నారు?" గుసగుసలాడుతోంది, ఏడుస్తోంది. "మీ అన్నయ్య నా మాట వింటేనా? వ్యాన్ తెచ్చాడు. పళ్ళాలన్నీ ఎక్కించాడు. బయల్దేరి చాలాసేపయింది..."

నేను అమ్మ చెవి దగ్గరికి వంగేలోపే వీధిలో హారన్ మోగింది. తెర అవతల తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు. రాతి గచ్చు మీద రాగి పళ్ళెం దింపిన చప్పుడు. ఒకటి. దాని వెనకే ఇంకొకటి.

"రండి మామయ్యా, రండి!" అంటున్నాడు నస్రో, ఏమీ తెలియని పిచ్చి తండ్రి. "అయ్యో, మీరు మోయడమేమిటి, నాకివ్వండి!"

బహీజా చెవులు రిక్కించింది. "ఏమిటా చప్పుడు? ఎవరొచ్చారు?"

"కళ్ళు తెరవకు" అంది అమ్మ. "మట్టి పడుతుంది."

ఆవిడ తలని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. వదిలి పరిగెత్తుదామంటే మోచేతుల దాకా మట్టి, చేతుల్లో వియ్యపురాలి తల. నా వైపు చూసింది. నేను తెర వైపు కదిలాను.

ఇంకో పళ్ళెం దిగింది.

"మీ సలాహ్‌లా ఉన్నాడే!" అంది బహీజా, కళ్ళు మూసుకునే, మొహమంతా నవ్వుతో. నేను తెర అందుకునేలోపే గొంతెత్తి పిలిచింది. "అన్నయ్యా, మీరేనా? లోపల ఆడవాళ్ళం తలకి పోసుకుంటున్నాం, కాస్త అక్కడే కూర్చోండి! ముందు ఇది చెప్పండి, నా పళ్ళాలు మీకు నచ్చాయా?"

షహినాజ్ మట్టి చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి.

తెర అవతల మా అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.